తప్పు కాపీలోనే ఉంది

మా పబ్లికేషన్స్‌లో ఆమెను కామాక్క అనేవాళ్ళం. ఎదురుగా మేడం, వెనక్కి తిరిగితే కామాక్క. ప్రూఫుల మీద ఆమె ఎర్ర పెన్ను తిరిగిందంటే వాక్యానికి రెండు కామాలైనా పడేవి. ఈ పేరు ఆమెకు తెలియదనుకునేవాళ్ళం. ఒకసారి నేను ఒక ఫైలు మీద "కామక్కకు ఇవ్వాలి" అని చీటీ అంటించి, పరధ్యానంలో ఆ చీటీతో సహా ఆమె బల్ల మీదికే పంపించాను. దీర్ఘం సరిచేసి, పక్కన సంతకం పెట్టి, తిరిగి పంపింది.

టైర్ల షాపు మీద మూడు గదులు మావి. మొదటి గదిలో ఓనరు, రెండో గదిలో పేజీలు కట్టే నేనూ టైపు చేసే ఇద్దరమ్మాయిలూ, మూడో గదిలో పుస్తకాల కట్టలు. ఆ కట్టల మధ్య, తెరుచుకోని కిటికీ పక్కన, కామాక్క బల్ల. పంతొమ్మిదో ఏట వచ్చి అక్కడ కూర్చుంది. కూర్చుని పంతొమ్మిదేళ్ళయింది. ఈ మధ్యలో ఆమెకు రెండు ప్రమోషన్లు వచ్చాయి. ఒకటి కుర్చీలోకి దిండు, రెండోది కొత్త ట్యూబ్‌లైటు.

మేం వేసేవి చాలావరకు స్కూలు గైడ్లు. ఏడాదికి నాలుగైదు పిల్లల పుస్తకాలు కూడా వేస్తాం. పిల్లల పుస్తకాలు పిల్లలు కొనరు, లైబ్రరీల కమిటీ కొంటుంది. కమిటీలో అందరికీ యాభై దాటి ఉంటాయి. కాబట్టి పిల్లలు ఎలా ఉంటే బాగుంటుందని యాభై దాటినవాళ్ళు అనుకుంటారో, మా పుస్తకాల్లో పిల్లలు అలాగే ఉండేవాళ్ళు. సోమరి కుందేలు బుద్ధి తెచ్చుకునేది. అబద్ధాలాడే కోతి పిల్ల చివరి పేజీలో క్షమాపణ అడిగేది. అడిగాక కింద డబ్బా కట్టి నీతి వేసేవాళ్ళం.

పుస్తకం ఏదైనా ఆరు ఫారాలుండాలి. ఫారం అంటే పదహారు పేజీలు. ఆరు పదహార్లు తొంభై ఆరు. కథ ఎనభైలో ముగిస్తే సాగదీయాలి, నూరు దాటితే కత్తిరించాలి. సాహిత్యం గురించి నేను దొరికిన పుస్తకమల్లా చదివి చాలా సూత్రాలు తెలుసుకున్నాను గానీ, నిజంగా అమల్లో ఉండగా చూసింది ఇదొక్కటే.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రూఫు ఒక్కరే చూడకూడదు. ఒకరు రచయిత రాసిచ్చిన కాగితాలు, వాటిని మేం కాపీ అంటాం, పట్టుకుని పైకి చదవాలి. రెండోవాళ్ళు ప్రూఫు మీద పెన్ను ఆనించి వింటూ పోవాలి. చదివేవాళ్ళు మాటలతో పాటు చుక్కలూ తోకలూ కూడా చదవాలి. "వాడు ఇంటికి వచ్చాడు కామా తలుపు వేసుకున్నాడు ఫుల్‌స్టాప్ కొత్త పేరా." అయ్యాక ఇద్దరూ ఫారం మూల పొట్టి సంతకాలు పెట్టాలి. రెండు సంతకాలు లేని ఫారం ప్రెస్సు గడప తొక్కదు. ఓనరు తండ్రి పెట్టిన రూలిది. తండ్రి పెట్టిన రూళ్ళలో ఓనరు నిలబెట్టింది ఇదొక్కటే, ఎందుకంటే పాటించాల్సింది వేరేవాళ్ళు.

కాపీ చదవడానికి ఒకప్పుడు ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన మానేశాక ఓనరు ఇంకొకర్ని పెట్టలేదు. కామాక్క ప్రూఫులు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి మా ప్రతి ఫారం మూలా రెండో సంతకం ఆమె అన్నయ్యది. పదకొండేళ్ళుగా, ఇంటి గడప దాటకుండా, చాలా రోజులు మంచం కూడా దిగకుండా, ఆయన మా సంస్థలో పనిచేస్తున్నాడు. మాలో చాలామంది కుర్చీల్లో కూర్చుని అంత పని చేయరు.

ఆయనకు పద్దెనిమిదేళ్ళప్పుడు, గడియారాలు బాగుచేసే షాపులో పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున లేవలేదు. మర్నాడూ లేవలేదు. జ్వరమనుకున్నారు. జ్వరం లేదు కాబట్టి బద్ధకమన్నారు. మేనమామ వచ్చి, నాలుగు తగిలిస్తే వాడే లేస్తాడన్నాడు. తగిలించాడు కూడా. పిన్ని మాత్రం పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయంది. ఆవిడకు పెళ్ళయి పదేళ్ళైనా ఏమీ సర్దుకోలేదు, అది వేరే సంగతి. దానికి డిప్రెషన్ అని పేరుందనీ, దానికో డాక్టరు ఉంటాడనీ ఆ ఇంటికి తెలియడానికి ఆరేళ్ళు పట్టింది. మాత్రలు మొదలుపెట్టాక కొన్ని నెలలు బాగుండేవాడు, షాపుకు వెళ్ళేవాడు. మళ్ళీ మంచం. మళ్ళీ కొన్ని నెలలు. తల్లీ తండ్రీ ఒకరి తర్వాత ఒకరు పోయారు. రెండు గదుల ఇంట్లో అన్నాచెల్లెళ్ళు మిగిలారు. ఆయనకిప్పుడు నలభై ఆరు.

బాగున్న రోజుల్లో కూర్చుని చదివేవాడు. బాగోలేని రోజుల్లో గోడవైపు తిరిగి, కాగితాలు గోడకు ఆనించి చదివేవాడు. రసాయనశాస్త్రమైనా తల్లి పోయిన కోడిపిల్ల కథైనా ఒకటే గొంతు, బస్టాండులో అనౌన్స్‌మెంటులా. మెట్ల మీద టీ తాగుతూ కామాక్క నాతో చాలాసార్లు అంది, అన్నయ్యకు తాను చదివేది చెవికెక్కదనీ, నోట్లోంచి వెళ్ళిపోతుందంతేననీ. ఆమె జీవితంలో చూడకుండా వదిలేసిన అచ్చుతప్పు ఇదొక్కటే. ఇక్కడ చెప్పే సంగతులన్నీ కూడా ఆ మెట్ల మీద ఆమె చెప్పినవే.

పంతొమ్మిదేళ్ళు ఇతరుల కుందేళ్ళను దిద్దాక ఆమెకు సొంతంగా ఒకటి రాయాలనిపించింది. పాత గైడ్ల ప్రూఫుల వెనకవైపు, రెండేళ్ళు రాసింది. పిల్లల నవల. అందులో పదేళ్ళ పిల్ల కథ చెబుతుంది. ఆ పిల్ల స్కూల్లో పరుగుపందేలకు తయారవుతూ ఉంటుంది. గడియారాల షాపులో పనిచేసే అన్న, షాపులో బాగుకొచ్చిన స్టాప్‌వాచీ తెచ్చి రోజూ ఆ పిల్లను పరిగెత్తించి టైము చూస్తుంటాడు. ఒక పొద్దున అన్న లేవడు. ఆ పిల్ల ఏం చేస్తే లేస్తాడో తెలియక అన్నీ చేస్తుంది. గిన్నెలు చప్పుడు కాకుండా కడుగుతుంది, మునివేళ్ళ మీద నడుస్తుంది, లెక్కల్లో నూటికి నూరు తెస్తుంది, స్నేహితులను ఇంటికి రానివ్వదు. పందెం రోజు పొద్దున బూట్లు వేసుకుని అన్న గది తలుపు దగ్గర కాసేపు నిలబడి, ఒక్కతే బయల్దేరుతుంది. అక్కడితో నవల అయిపోయింది. తొంభై మూడు పేజీలు.

ప్రూఫులు దిద్దేవాళ్ళు పుస్తకం రాయడమంటే మా ఆఫీసులో డ్రైవరు వెనక సీట్లో కూర్చోవడం లాంటిది. అందుకని ఆమె ఒక రిటైరైన మాస్టారిని పుట్టించింది. తన రాత అందరికీ తెలుసు కాబట్టి అక్షరాలను బడిపిల్లల కాపీబుక్కులోలా గుండ్రంగా తిప్పి మొత్తం మళ్ళీ రాసింది. పోస్టుబాక్సు నంబరొకటి తీసుకుని, కవరు మీద అదే రాసి, పక్క ఊరు వెళ్ళి పోస్టు చేసి వచ్చింది.

ఓనరు ఒక పిల్లల పుస్తకాన్ని చదవడం మేం చూసింది అదే మొదటిసారి. చేతిరాత బాగుందని మొదలుపెట్టి చివరిదాకా వెళ్ళిపోయాడు. కామాక్కను పిలిచి కాగితాలు ఆమె ముందుకు తోసి, మాస్టారంటే ఇలా ఉండాలమ్మా అన్నాడు. ఒక్క కామా తప్పు పోలేదన్నాడు. చూసి నేర్చుకోమన్నాడు. ఆమె నేర్చుకుంటానంది. మాకెవరికీ అనుమానం రాలేదు. పుస్తకాలు తయారుచేసేవాళ్ళు పుస్తకాలు చదవరని నేను ఎప్పట్నుంచో అంటున్న మాటే.

తర్వాత ఓనరు మాస్టారికి ఉత్తరం చెప్పి రాయించాడు. కామాక్క చేతే. తమ నవల చదివి కంటతడి పెట్టానని రాయించాడు. అయితే ఇది పిల్లల పుస్తకం గనక, పిల్లాడు మంచం మీదే ఉండిపోతే కమిటీ ఒప్పుకోదనీ, దేవుడి దయవల్ల ఆరో ఫారంలో ఇంకా మూడు పేజీలు ఖాళీ ఉన్నాయనీ, ఆ మూడు పేజీల్లో కుర్రాడు పూర్తిగా కోలుకునేలా చూడమనీ రాయించాడు.

"మూడు పేజీల్లో అవుతుందా సార్?" అని అడిగింది కామాక్క, పెన్ను ఎత్తకుండానే.

"ఎందుకవదమ్మా? అక్షరాలు మరీ పెద్దవేం కాదుగా."

ఆ ఉత్తరాన్ని ఆమె పోస్టుచేసి, నాలుగు రోజుల తర్వాత తనే వెళ్ళి తెచ్చుకుంది. కోపం వచ్చి ఉంటుందని నేననుకున్నాను. రాలేదట. ఆ మూడు పేజీలూ ఒక్క సాయంత్రంలో రాసేసింది. రెండేళ్ళ రాతలో అంత సులువుగా ఏదీ రాలేదంది. పందెం రోజు పొద్దున తలుపు దగ్గర బూట్ల చప్పుడు వినగానే అన్న లేచాడు. గడ్డం గీసుకున్నాడు. చప్పుడు కాకుండా గిన్నెలు కడిగిన చెల్లెలి తల నిమిరాడు. స్టాప్‌వాచీ పట్టుకుని మైదానానికి వచ్చాడు. చెల్లెలు ఫస్టు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా జరగనిది మూడు పేజీల్లో జరిగిపోయింది, పైగా నీతికి చోటు కూడా మిగిలింది. తప్పని తెలిసే రాశాను తమ్ముడూ, అచ్చులోనైనా ఒక్కసారి లేస్తే చూద్దామనిపించింది, అంది తర్వాత నాతో.

టైపయింది. నేను పేజీలు కట్టాను. ఆరు ఫారాల ప్రూఫులూ కాపీతో సహా ఆమె బల్ల మీద పెట్టాక గానీ ఆమెకు అసలు సంగతి తట్టలేదు. ఈ పుస్తకాన్ని పైకి చదవాల్సిన మనిషి ఎవరో.

చెవికెక్కదని మాతో వందసార్లు చెప్పింది గానీ, ఆ సంచి ఇంటికి మోసుకెళ్ళేటప్పుడు ఆ మాట మీద ఆమెకే నమ్మకం చాల్లేదు. ఆయనకు ఆ నెల బాగోలేదు. తన మంచాన్నీ, తన గడ్డాన్నీ, తను లేవని ఆ పొద్దునల్నీ తన నోటితోనే కామాలతో సహా చదివించడమంటే ఏమిటో, చదివాక ఏమవుతాడో అని భయపడింది. సంచి బీరువా మీద పెట్టి, ఈ వారం పనేమీ లేదని చెప్పింది. తనొక్కతే కూర్చుని ప్రూఫు చూసింది. ఎప్పుడూ తప్పు దొరక్కుండా వదలని మనిషికి ఒక్క తప్పూ దొరకలేదు. రాసినవాళ్ళ కంటికి ఉన్నది కనపడదు, ఉండాల్సిందే కనపడుతుంది. నేను ఊరికే తిరగేస్తేనే రెండో ఫారంలో ఏడు దొరికాయి. అవన్నీ సరే, రెండో సంతకం? ఆయన సంతకం రెండక్షరాలు, తనే గీసేయొచ్చు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుందట. పంతొమ్మిదేళ్ళుగా ఇతరుల గీతలు సరిచేసిన చెయ్యి దొంగ గీత గీయనంది.

రెండో ఆదివారం కూడా పని లేదని చెప్పేసరికి వాళ్ళన్న గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"నన్ను తీసేశారా?"

ఆ మాటతో ఆమె లేచి బీరువా మీది సంచి దించింది. ఎవరో రిటైరైన మాస్టారు రాసిన పుస్తకమని చెప్పి కాపీ చేతికిచ్చింది.

మొదటి ఫారం ఆ మధ్యాహ్నమే చదివాడు. ఎప్పటిలాగే. "అన్నయ్య చేతిలో స్టాప్‌వాచీ ఉంది ఫుల్‌స్టాప్ రెడీ కామా అన్నాడు ఫుల్‌స్టాప్." గొంతులో ఏ మార్పూ లేదు. తర్వాతి రోజుల్లో ఆమె ఆఫీసు నుంచి రాగానే రోజుకో ఫారం. అన్న లేవని పొద్దున చదివాడు. మేనమామ తగిలించిన పేజీ చదివాడు. పిన్ని పెళ్ళి మాట చదివాడు. ప్రతి ఫారం మూలా సంతకం పెట్టాడు. ఆమె పెన్ను మాత్రం చాలా చోట్ల వెనకబడింది, ఇంకోసారి చదవమని అడగాల్సి వచ్చింది. నాలుగో ఫారం నాటికి ఆమెకు భయం పోయి, దాని స్థానంలో చిన్నపాటి కోపం వచ్చిందట. నిజంగానే చెవికెక్కడం లేదని. ఇంత రాస్తే, ఇంత దాచిపెట్టి రాస్తే, రసాయనశాస్త్రంలా చదువుతున్నాడని. రచయితల కోపం అదొక రకం. ఒక్క పుస్తకం రాస్తే చాలు, వచ్చేస్తుంది.

మధ్యలో చదవలేని రెండు రోజులు పోగా, ఆరో ఫారం మళ్ళీ ఆదివారానికి పడింది. తలుపు దగ్గర బూట్లతో నిలబడ్డ పిల్ల అయిపోయింది. తొంభై నాలుగో పేజీ వచ్చింది.

"అన్నయ్య లేచాడు ఫుల్‌స్టాప్" అని చదివి ఆగిపోయాడు. పదకొండేళ్ళలో వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆయన అంతసేపు ఆగలేదు.

"ఇక్కడ తప్పుంది," అన్నాడు.

ఆమె ప్రూఫు చూసుకుంది. "లేదన్నయ్యా. కాపీలో ఉన్నట్టే ఉంది."

"తప్పు కాపీలోనే ఉంది."

"అది మాస్టారి ఇష్టం. మనకెందుకు?"

"ఏ మాస్టారే?"

"రాసినాయన."

"ఆయన మనింట్లో ఏ గదిలో ఉండేవాడు? నాకెప్పుడూ కనపడలేదు."

ఆమె ఎర్ర పెన్నుకు మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. ఎప్పుడు తెలిసిందని అడిగింది. మొదటి పేజీలోనే అన్నాడు. బూట్ల లేసు ఒకదాని మీద ఒకటి మూడు ముళ్ళేసే పిల్ల ఊళ్ళో ఇంకెవరుందన్నాడు. మరైతే అంతా ఎందుకు చదివావని అడిగితే, చదవమన్నావుగా, సంతకం పెట్టాలిగా అన్నాడు. ఇవన్నీ గోడవైపు తిరిగే అన్నాడట.

తర్వాత తప్పులు వరసగా చెప్పాడు. తను లేవలేదు, అది మొదటిది. ఆమె ఫస్టు రాలేదు, నాలుగో స్థానం వచ్చింది, అది రెండోది.

"పిల్లల పుస్తకం అన్నయ్యా," అంది ఆమె. "కాస్త వాళ్ళకు..."

"వాళ్ళ గురించే చెప్తున్నా చిట్టీ. నువ్వు గిన్నెలు మెల్లగా కడిగావు, మునివేళ్ళ మీద నడిచావు, అందుకని వాడు లేచాడు అని రాశావు. ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఇది చదువుతుంది. వాళ్ళన్న లేవడు. ఇంకా మెల్లగా కడగాలి కాబోలు అనుకుంటుంది."

ఆమె ఆ మూడు పేజీలూ మళ్ళీ తిరగేసింది.

"నువ్వెన్నాళ్ళు కడిగావలా?"

"రెండేళ్ళు."

"నాకు వినపడుతూనే ఉండేది."

"చప్పుడే లేకుండా కడిగితే ఏం వినపడుతుంది?"

"అదే. నువ్వు చప్పుడు చేయకుండా ఉండడం వినపడేది."

ఆ మూడు పేజీలూ కొట్టేయమన్నాడు. కొట్టేస్తే ఖాళీ మిగులుతుందని ఆమె అంది. అంత మాట నడిచాక కూడా ఆమెకు ఆరో ఫారమే గుర్తొచ్చింది, అది ఆమె ఉద్యోగం. అయితే జరిగింది రాసుకో అన్నాడు. ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది, నువ్వు నిద్రపోతున్నావు కదా అంది. లేదన్నాడు.

అప్పుడాయన గోడవైపు మొహం పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. కొట్టేసిన ప్రూఫు వెనకవైపు ఆమె రాసుకుంది. అదే అనౌన్స్‌మెంటు గొంతు. పదకొండేళ్ళ అలవాటు, చుక్కలూ తోకలూ కూడా వచ్చేశాయి.

"వాడు నిద్రపోలేదు ఫుల్‌స్టాప్ బూట్ల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగడం విన్నాడు ఫుల్‌స్టాప్ నాన్నతో వెళ్ళు కామా నేను రాలేను అని చెప్పాలనుకున్నాడు ఫుల్‌స్టాప్ నాలుగు మాటలు ఫుల్‌స్టాప్ ఒక్కొక్కటే ఎత్తి నోటిదాకా తేవాలి ఫుల్‌స్టాప్ రెండోది తెచ్చేసరికి మొదటిది జారిపోయేది ఫుల్‌స్టాప్ బూట్లు వెళ్ళిపోయాయి ఫుల్‌స్టాప్ వాడు మానలేదు ఫుల్‌స్టాప్ నాలుగూ పోగయ్యేసరికి మధ్యాహ్నమైంది ఫుల్‌స్టాప్ అప్పుడు పైకి చెప్పాడు ఫుల్‌స్టాప్ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది ఫుల్‌స్టాప్ మంచినీళ్ళు అడిగాడనుకుని తెచ్చింది ఫుల్‌స్టాప్ తాగాడు ఫుల్‌స్టాప్."

కొత్త పేరా అంటాడేమోనని ఆమె చూసింది. అనలేదు.

ఆ రోజు గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం ఇరవై ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారట. ఒకే ఇంట్లో, గోడకటూ ఇటూ కూడా కాదు, ఒకే గోడకు ఇటువైపు ఇద్దరూ ఉండి. ప్రేమగల కుటుంబాల్లో అంతేననుకుంటాను. ఒకరినొకరు బాధపెట్టకుండా జాగ్రత్తగా కాపాడుకుంటూ జీవితాలు వెళ్ళదీస్తారు.

ఆయన చెప్పింది పేజీకి కొంచెం ఎక్కువ వచ్చింది. ఆరో ఫారం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

సోమవారం ఆమె ఓనరు గదిలోకి వెళ్ళి, చివరి మూడు పేజీలు తీసేసి ఈ పేజీ వేయాలని చెప్పింది. ఓనరు చదివాడు. కుర్రాడు ఇందులో లేవడం లేదే అన్నాడు. లేవడం లేదంది. మాస్టారు ఒప్పుకుంటారా, ఉత్తరం రాద్దాం పట్టమ్మా అన్నాడు.

"సార్, మాస్టారు లేరు."

ఓనరు కళ్ళద్దాలు తీశాడు. "అయ్యో. ఎప్పుడు పోయారమ్మా?"

"పోలేదు సార్. మొదట్నుంచీ లేరు. రాసింది నేను."

తలుపు తీసే ఉంది కాబట్టి రెండో గదిలో మేం ముగ్గురం విన్నాం. టైపు ఆగింది. ఓనరు ముఖంలో మాస్టారు నిజంగానే పోయినంత విచారం కనిపించింది. కాసేపటికి తేరుకుని, కాపీ మళ్ళీ తెరిచాడు. మాస్టారు రాసినప్పుడు ఒక్క మచ్చ లేని పుస్తకంలో ఇప్పుడు పది నిమిషాల్లో పదకొండు లోపాలు కనపడ్డాయి. వాక్యాలు పొట్టిగా ఉన్నాయన్నాడు. మేనమామ పాత్ర కఠినంగా ఉందన్నాడు. కామాలు ఎక్కువయ్యాయన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. చివరికి, మిగతావి పోనీలే, కుర్రాణ్ణి మాత్రం లేపాల్సిందేనన్నాడు.

ఆమె పంతొమ్మిదేళ్ళలో ఆ గదిలో ఎప్పుడూ గొంతు పెంచలేదు. అప్పుడూ పెంచలేదు. వాడు లేచే ఫారం మీద తను సంతకం పెట్టదనీ, అన్నయ్య కూడా పెట్టడనీ చెప్పింది. రెండు సంతకాలు లేకుండా పంపించడం మీ నాన్నగారి రూలుకు విరుద్ధం కదా సార్, మీ ఇష్టం, అంది. గోడ మీద ఫొటోలో ఉన్న ఓనరు తండ్రి వైపు చూడను కూడా లేదు. ఓనరే చూశాడు. లైబ్రరీ లిస్టుకు గురువారం ఆఖరు. ఇంకో ప్రూఫు రీడరు దొరకాలంటే నెల పడుతుంది. సరే కానివ్వమన్నాడు, కమిటీవాళ్ళు చివరి పేజీ దాకా చదివితే కదా అని తనే ధైర్యం చెప్పుకున్నాడు.

ఆయన మీద పగతో చెప్పడం లేదు గానీ, ఆ లెక్క సరిగ్గానే పనిచేసింది. లిస్టులో మా పుస్తకం వచ్చింది. మిగిలిన పేజీన్నరలో లెక్కల గైడ్ల ప్రకటనలు వేశాం. కవరు ముందే అచ్చైపోయింది కాబట్టి రచయిత దగ్గర మాస్టారి పేరే ఉండిపోయింది. దాని కింద, ఓనరు సొంత కలంతో, "ఆశను నింపే అందమైన నవల" అని ఉంది. కామాక్క ఒకసారి చదివి పక్కన పెట్టింది. అందులో కామా పెట్టడానికి చోటు కూడా లేదు.

పుస్తకం వచ్చాక అన్న బాగుపడ్డాడని రాస్తే ఓనరు సంతోషిస్తాడు. ఆ తర్వాతి నెలన్నర ఆయన మంచం దిగలేదు. పుస్తకం వల్లేమోనని కామాక్క డాక్టరును అడిగింది. అవునని గానీ కాదని గానీ చెప్పకుండా డాక్టరు మాత్ర మార్చాడు. ఆ నెలన్నరా మా గైడ్లు ఆగాయి. ఓనరు అడిగినప్పుడల్లా, అన్నయ్యకు ఒంట్లో బాగోలేదని కాక, డిప్రెషన్ సార్, ఇప్పుడు ఎక్కువగా ఉంది, అని చెప్పడం ఆమె మొదలుపెట్టింది. ఓనరుకు ఆ మాట ఇబ్బందిగా ఉండేది. అడగడం తగ్గించాడు.

అన్నయ్య మళ్ళీ చదవడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు మాస్టారికి ఒక ఉత్తరం వచ్చింది, మా ఆఫీసు చిరునామాకు. రూళ్ళ కాగితం, పెన్సిల్ రాత. పదకొండేళ్ళ పిల్ల. స్కూలు లైబ్రరీలో పుస్తకం చదివాననీ, చాలా నచ్చిందనీ రాసింది. మా అక్క రెండు నెలల నుంచి గదిలోంచి రావడం లేదు, నేను టీవీ సౌండు కూడా పెట్టడం లేదు, అని రాసింది. మీ పుస్తకంలో అన్నయ్య ఆ తర్వాత లేచాడా, ఏం చేస్తే లేచాడు, తొందరగా చెప్పండి, అని రాసింది. ఓనరు దాన్ని నోటీసు బోర్డు మీద పెడదామన్నాడు. జవాబుగా మా కొత్త కేటలాగు పంపమన్నాడు.

కామాక్క ఉత్తరాన్ని ఇంటికి తీసుకెళ్ళింది. జవాబు తనే రాద్దామనుకుంది. వాళ్ళన్న ఇలా ఇవ్వమని తీసుకున్నాడు. తొమ్మిది రోజులు దిండు కింద పెట్టుకున్నాడు. ఆమె గుర్తు చేయలేదు. పడుకుని రాస్తే పెన్ను పారదు కాబట్టి ఆయన కూడా పెన్సిల్‌తోనే రాశాడు. పదో రోజు పొద్దున ఆమె ఆఫీసుకు బయల్దేరుతుంటే కాగితం చాపాడు.

"అమ్మాయీ, లేచాడు. మళ్ళీ పడుకున్నాడు. అలా చాలాసార్లు. చెల్లెలు ఏదో చేసినందుకు లేవలేదు, ఏదో చేయనందుకు పడుకోలేదు. అక్కను డాక్టరుకు చూపించమని ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పు, వినకపోతే మీ టీచరుకు చెప్పు. టీవీ సౌండు పెట్టుకో. అక్క జవాబు చెప్పకపోయినా నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో చెప్పి వెళ్ళు. వినపడుతుంది."

కామాక్క నిలబడే రెండుసార్లు చదివింది. ఎర్ర పెన్ను సంచిలోనే ఉంది, తీయలేదు. ఒక్కటే అడిగింది.

"పుస్తకం చాలా నచ్చిందని మొదటి లైన్లోనే రాసింది కదన్నయ్యా. దానికొక్క మాట రాయొద్దూ?"

"ఆ పిల్ల అడిగింది అది కాదు," అన్నాడు వాళ్ళన్న.